ఆకాశంలోని హంస: దాని ఛాయాచిత్రాలు, దాని అరబ్బీ పేర్లు

జపాను దేశపు ఉత్తర దీవి హొక్కైడోలో కుష్షారో అనే సరస్సు కలదు. శీతాకాలంలో ఆ సరస్సు చాలామేరకు గడ్డకడుతుంది. అయితే ఒడ్డున కొన్ని చోట్ల వేడి నీటి ఊటలు ఉండటంవల్ల అక్కడి నీరు గడ్డకట్టదు. సైబీరియా నుండి వలస వచ్చిన హంసలు ఆ కాస్త నీటి చుట్టూ చేరి, రాత్రివేళ మంచుగడ్డలపై ముక్కును రెక్కలో దాచుకుని నిద్రిస్తాయి. అదే సాయంకాలం, చీకటిపడిన వేళ, వాయవ్య ఆకాశంలో మరో హంస దిగంతం వైపు తల వంచి నిలుచుంటుంది. అది పక్షి కాదు, నక్షత్ర మండలం. నేలమీది హంసను, నింగిలోని హంసను ఒకే చిత్రంలో పట్టుకోవాలని ఛాయాగ్రాహకులకు కోరిక కలగడం సహజమే. కాని ఆ పని అంత సులువుగా జరగదు. ఎందుకు జరగదో చూద్దాం. ఆ మీదట ఈ నక్షత్ర మండలానికి అరబ్బులు పెట్టిన పేర్లనూ, పెట్టని ఒక పేరునూ పరిశీలిద్దాం.

ముందుగా పక్షి సంగతి. హంస తెల్లగా ఉంటుంది. ఛాయాగ్రాహకునికి చిక్కంతా ఆ తెలుపుతోనే. కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుట ఉన్న దృశ్యమంతా సగటున బూడిదరంగులో ఉన్నదని అనుకుని లెక్క కడుతుంది. హంస నల్లని నీటిమీద తేలుతున్నదనుకోండి. చిత్రంలో ఎక్కువ భాగం నీరే గనుక, మాపకం దృశ్యం చీకటిగా ఉందనుకుని ఎక్కువ వెలుగును లోనికి రానిస్తుంది. ఫలితంగా హంస ఈకలన్నీ ఒకే తెల్లని మరకగా మారిపోతాయి. ఒక ఈకకు, మరో ఈకకు మధ్యనుండే సున్నితమైన నీడ పోతుంది. ఒకసారి పోయిన ఆ నీడను తరువాత ఏ పనితనంతోనూ తిరిగి తెచ్చుకోలేము. అదే హంస మంచుమీద నిలబడితే దీనికి పూర్తిగా విరుద్ధం. మాపకం వెలుగు మరీ ఎక్కువైందని తగ్గించేస్తుంది. అప్పుడు హంసా, మంచూ రెండూ మాసిన బట్టలా కనిపిస్తాయి. అందుచేత అనుభవజ్ఞుడు నల్లని నీటిపై వెలుగును ఒకటి, ఒకటిన్నర స్టాపులు తగ్గిస్తాడు. మంచుపైన దాదాపు అంతే పెంచుతాడు. ఎగిరే హంసనైతే సెకనులో వెయ్యోవంతు కాలంలో పట్టుకోవాలి. అంతకు ఆలస్యమైతే రెక్కల చివరలు చెదిరిపోతాయి.

ఇక నక్షత్రాల విషయం. ఇక్కడ కష్టం వెలుగు ఎక్కువై కాదు, చాలక. కెమెరాను ముక్కాలిపీటపై బిగించి షట్టరును కొన్ని సెకన్లు తెరిచి ఉంచాలి. కాని భూమి ఆగదు కదా! ఆకాశం సెకనుకు 15 వికలల చొప్పున తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. షట్టరు ఎక్కువ సేపు తెరిచి ఉంచితే చుక్క గీతవుతుంది. ఇందుకు ఛాయాగ్రాహకులు ఒక మోటు లెక్క వాడతారు. 500ను కటకపు నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరవవచ్చో వస్తుంది. 50 మి.మీ. కటకానికి 10 సెకన్లు. ఇది ఆకాశపు మధ్యరేఖ వద్దనున్న చుక్కలకు వర్తించే లెక్క. ధ్రువం వైపు పోయే కొద్దీ చుక్కల నడక మెల్లనవుతుంది గనుక, హంస తోక వద్ద సుమారు 14 సెకన్ల దాకా తెరిచినా ఫరవాలేదు.

ఇప్పుడు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎగిరే పక్షికి సెకనులో వెయ్యోవంతు కావాలి, చుక్కలకు పది సెకన్లు కావాలి. రెండింటి మధ్య తేడా పదివేల రెట్లు. ఒకే చిత్రంలో ఇద్దరికీ న్యాయం చేయడం అసాధ్యం. మంచుగడ్డపై కదలక నిద్రించే హంస అయితే వెన్నెల రాత్రి ఏదో కొంత కుదరవచ్చు. నీటిపై నిద్రించే హంస మాత్రం నిద్రలోనే మెల్లగా కొట్టుకుపోతూ చిత్రంలో పొగలా మిగులుతుంది. ఫ్లాష్ దీపం వెలిగిస్తే అలసిన పక్షుల గుంపంతా బెదిరి లేస్తుంది. ఆ పని చేయకపోవడమే మంచిది. అందుకని చాలామంది పక్షిని వేరుగా, నక్షత్రాలను వేరుగా తీసి తరువాత రెంటినీ కలుపుతారు. కలిపినవాడు కలిపానని చెబితే అందులో తప్పులేదు. చెప్పకుండా ఊరుకుంటే చూసేవారు ఎన్నడూ జరగని దృశ్యాన్ని జరిగిందని నమ్ముతారు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ హంస పేర్ల విషయంలో కూడా సరిగ్గా ఇదే జరిగినది.

ఇక్కడ మదర్సాలలో చదివినవారికి మరో ప్రశ్న తట్టకపోదు. ప్రాణి చిత్రం గదా, దీని సంగతేమిటని. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ కెమెరా చిత్రం నీడను పట్టి నిలపడమే తప్ప కొత్తగా రూపం కల్పించడం కాదని వాదిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. మన ఉపఖండంలో మౌలానా ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటివారు చిత్రాలపై రాసిన గ్రంథంలో ఇందుకు భిన్నమైన అభిప్రాయం వెలిబుచ్చారు. ఆ చర్చ ఈ వ్యాసపు పరిధిలోనిది కాదు. నక్షత్రాలు ప్రాణులు కావు గనుక వాటి చిత్రాల విషయంలో ఆ పేచీ రానే రాదు.

ఏ పక్షి?

మన ప్రాంతంలో ఈ మండలాన్ని చూడటానికి అక్టోబరు నెల అనుకూలమైనది. వర్షాలు వెనుకబట్టి, ఆకాశం తేటపడి ఉంటుంది. హైదరాబాదులో సాయంత్రం ఏడు గంటల వేళ ఉత్తరం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే, నడినెత్తికి కొంచెం దిగువగా ఒక ప్రకాశవంతమైన చుక్క కనబడుతుంది. అది హంస తోక. అక్కడినుంచి నైరుతి వైపుగా ఒక పొడవాటి మెడ, దానికి అడ్డంగా రెండు రెక్కలు. మొత్తంమీద ఒక పెద్ద శిలువ ఆకారం. పడమటి దేశాలవారు దీనిని ఉత్తర శిలువ అని కూడా అంటారు. పాలపుంత దీని వెన్ను వెంబడే పోతుంది గనుక, నిజంగానే ఒక పక్షి నదిమీదుగా దక్షిణానికి ఎగిరిపోతున్నట్లు ఉంటుంది. ఉత్తర దేశాల హంసలు దక్షిణానికి వలస పోయే రోజులు కూడా అవే. పట్నపు దీపాల కాంతిలో ఆ పాలపుంత కనిపించదు. ఊరి బయటికి పోవలసిందే.

అయితే అది హంసే అని ఎవరన్నారు? గ్రీకులలో కొందరు దానిని హంస అన్నమాట నిజమే. కాని క్రీ.శ. రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో నక్షత్రాల పట్టిక తయారుచేసిన టాలెమీ, అనగా మన గ్రంథాలలోని బత్లమ్యూస్, దానికి పెట్టిన పేరు ‘ఓర్నిస్’. గ్రీకు భాషలో ఓర్నిస్ అంటే పక్షి. ఏ పక్షి అన్నది ఆయన చెప్పలేదు. ఆ మండలంలో 17 చుక్కలను, దాని రూపానికి వెలుపల మరో రెండింటిని లెక్కించి ఊరుకున్నాడు.

బాగ్దాదులో ఖలీఫా మామూన్ కాలంలో టాలెమీ గ్రంథం అరబ్బీలోకి వచ్చింది. ఈ అనువాదకుని పేరు హజ్జాజ్ బిన్ యూసుఫ్ బిన్ మతర్. చరిత్రలో పేరుమోసిన కఠినుడైన గవర్నరు హజ్జాజ్ బిన్ యూసుఫ్ ఈయన కాడు. ఆయన అంతకు వందేళ్ళకు పైగా ముందువాడు. హజ్జాజ్ అనువాదం హిజ్రీ 212 (క్రీ.శ. 827) ప్రాంతపుది. ఆ శతాబ్దం చివర ఇస్‌హాఖ్ బిన్ హునైన్ మరో అనువాదం చేయగా, సాబిత్ బిన్ ఖుర్రా దానిని సరిదిద్దాడు. అరబ్బీలో ఈ మండలం ‘అత్తాయిర్’, అంటే ఎగిరేది అనే పేరుతోను, ‘అద్దజాజా’, అంటే కోడి అనే పేరుతోను నిలిచిపోయింది.

హంస కోడి కావడం చూసి నవ్వేవారున్నారు. కాని అనువాదకులు పొరపడలేదు. గ్రీకుల వాడుకలో ఓర్నిస్ అనే మాట కాలక్రమాన ఇంటి కోడికి కూడా స్థిరపడింది. పక్షి అన్న మాటకు బజారులో కోడి అనే అర్థం వచ్చిందన్నమాట. మన భాషలోనే ఇలాంటిది ఒకటి ఉన్నది. తెలుగులో మృగం అంటే అడవి జంతువు ఏదైనా సరే. కాని మృగశిర అనేది పులి తల కాదు, లేడి తల. సంస్కృతంలో మృగమంటే లేడి అనే అర్థం ఉండటమే దీనికి కారణం. మృగశిర కార్తెను ‘జంతువు తల’ అని అనువదించినవానిని ఎంతవరకు తప్పుపట్టగలమో, ఓర్నిస్‌ను కోడి అన్నవారిని కూడా అంతవరకే పట్టగలము.

ఆ మాటకొస్తే మన హంస మాత్రం ఏ పక్షి? పాలనూ నీళ్ళనూ వేరుచేస్తుందని చెప్పుకునే ఆ హంసను తెలుగునాట చెరువుల్లో చూసినవారు లేరు. అసలైన హంసలు భారతదేశానికి దారితప్పి వచ్చిన సందర్భాలు బహు అరుదు. శీతాకాలంలో హిమాలయాలను దాటి దక్కను చెరువులకు వచ్చేది తలవెనుక రెండు నల్లని చారలు గల పెద్దబాతు. పాత కావ్యాల హంస చాలాచోట్ల ఈ బాతే అయి ఉండాలని పక్షిశాస్త్రజ్ఞులు పలువురు భావిస్తారు. కనుక కోడి అన్నందుకు అరబ్బులను చూసి మనం నవ్వడానికి పెద్దగా అవకాశం లేదు.

అబ్దుర్రహ్మాన్ సూఫీ రెండు బొమ్మలు

ఈ కోడిని అందరికన్న శ్రద్ధగా పరిశీలించినవాడు అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ (హి. 291–376, క్రీ.శ. 903–986). ఆయన ఇరాన్‌లోని రయ్ నగరంలో జన్మించాడు. ఇస్ఫహాన్‌లో బువైహ్ వంశపు రాజు అజుదుద్దౌలా ఆశ్రయంలో పనిచేశాడు. రయ్‌కి ఉత్తరాన ఎల్‌బుర్జ్ పర్వతాలు, వాటి అవతల కాస్పియన్ సముద్రం. ఆ తీరంలోని మాజందరాన్, గీలాన్ చిత్తడి నేలలకు నేటికీ శీతాకాలంలో అసలైన హంసలు వస్తాయి. సూఫీ అటువంటి దేశంలో పుట్టినవాడే అయినా తన గ్రంథంలో కోడినే ఉంచాడు. తనకు అందిన పేరును మార్చే హక్కు తనకు లేదని ఆయన తలచి ఉంటాడు.

క్రీ.శ. 964 ప్రాంతంలో ఆయన రచించిన ‘సువరుల్ కవాకిబ్’ (నక్షత్రాల రూపాలు) అనే గ్రంథంలో 48 మండలాలున్నాయి. ప్రతి మండలానికీ రెండేసి బొమ్మలు. ఒకటి మనం నేలమీద నిలబడి ఆకాశంలో చూసినట్టుగా; రెండవది లోహపు గోళంపై చెక్కినట్టుగా, అంటే ఆకాశాన్ని బయటినుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. ఒకటి మరొకదానికి అద్దంలోని ప్రతిబింబం. గాజు ఫలకాలపై ఛాయాచిత్రాలు తీసే రోజుల్లో పనిచేసినవారికి ఇది బాగా తెలిసిన చిక్కే. ఫలకాన్ని ఇటునుంచి చూస్తే ఒక ఆకాశం, తిప్పి చూస్తే మరో ఆకాశం. ఏ వైపు ఏదో రాసి పెట్టుకోకపోతే ఎడమ రెక్క కుడి రెక్క అవుతుంది. సూఫీ రాసి పెట్టుకున్నాడు.

బొమ్మలకన్న ముఖ్యమైన సంగతి మరొకటి. ఆయన కాలానికి అరబ్బుల వద్ద రెండు రకాల నక్షత్ర విద్య ఉండేది. ఒకటి గ్రీకుల నుంచి అనువాదంగా వచ్చినది. రెండవది ఎడారి అరబ్బులు ఇస్లాముకు పూర్వం నుంచి తమ ప్రయాణాలలో, పశువుల మేపులో వాడుకున్నది. ఎడారివాసికి ఆ శిలువ ఆకారంలో కోడీ కనబడలేదు, హంసా కనబడలేదు. పాలపుంతకు అడ్డంగా వరుసతీరి ఉన్న రెక్కల చుక్కలు వారికి ‘అల్ ఫవారిస్’, ఆశ్వికులు. వారి వెనుకనే వెలిగే తోకచుక్క ‘అర్రిద్‌ఫ్’, అంటే అదే వాహనంపై వెనుక కూర్చుని వచ్చేవాడు. హదీసు చదివినవారికి ఈ మాట కొత్తకాదు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) దైవప్రవక్త (స) వాహనంపై ఆయన వెనుక కూర్చుని ప్రయాణించిన సంగతిని చెప్పేటప్పుడు వచ్చేది ఈ మాటే.

సూఫీ ఈ రెండు విద్యలనూ కలగలపలేదు. ముందు టాలెమీ చెప్పినదేమిటో చెప్పాడు. తాను స్వయంగా చూసినప్పుడు చుక్క కాంతి టాలెమీ రాసినదానికి భిన్నంగా ఉంటే ఆ సంగతి చెప్పాడు. ఆ తరువాతనే ‘అరబ్బులు మాత్రం ఇలా అంటారు’ అని ఎడారి పేర్లను విడిగా ఇచ్చాడు. ఏది అనువాదం, ఏది స్వంతం, ఏది తన పరిశీలన అన్నది ఆయన పాఠకునికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. హిజ్రీ 647 (క్రీ.శ. 1250)లో ఖాజా నసీరుద్దీన్ తూసీ అంతటి మహాపండితుడు ఈ గ్రంథాన్ని స్వయంగా ఫారసీలోకి అనువదించాడంటే దానికి గల విలువ ఎలాంటిదో ఊహించవచ్చు.

ఆల్బిరియో కథ

యూరపులో ఇప్పటికీ వాడుకలోనున్న ఈ మండలపు పేర్లు చూడండి. తోకచుక్క డెనెబ్, ఇది ‘జనబుద్దజాజా’ లోని మొదటి మాట, కోడి తోక అని అర్థం. రొమ్ము వద్దనున్న చుక్క సద్ర్. ఉర్దూ తెలిసిన పాఠకులకు దీని అర్థం చెప్పనక్కరలేదు. రెక్క చుక్క గీనా. అరబ్బీలో జనాహ్ అంటే రెక్క. ఫవారిస్ అనే పేరును అంతర్జాతీయ ఖగోళ సంఘం ఇటీవలి కాలంలో మరో రెక్కచుక్కకు అధికారికంగా ఖాయపరిచింది. పటంపైన హంస అని రాసి ఉంటుంది గాని, దాని శరీర భాగాలన్నీ కోడివే.

ఇక ముక్కు వద్దనున్న చుక్క పేరు ఆల్బిరియో. ‘అల్’తో మొదలవుతున్నది గనుక ఇది కూడా అరబ్బీ మాటేనని చాలామంది అనుకుంటారు. ముస్లిం శాస్త్రజ్ఞుల ఘనతను వివరించే వ్యాసాలలో, ఉపన్యాసాలలో, పిల్లల పుస్తకాలలో డెనెబ్, వేగా, ఆల్టెయిర్ అనే పేర్ల సరసనే ఆల్బిరియోను కూడా గర్వంగా చేర్చడం కద్దు. వేగా, ఆల్టెయిర్ నిస్సందేహంగా అరబ్బీవే. ఒకటి ‘అన్నస్రుల్ వాఖి’, వాలే గద్ద. మరొకటి ‘అన్నస్రుత్తాయిర్’, ఎగిరే గద్ద. కాని ఆల్బిరియో అరబ్బీ కాదు. అరబ్బీ నిఘంటువులన్నీ వెదికినా అటువంటి మాట దొరకదు.

అది ఎలా పుట్టిందో పరిశోధకులు ఇలా వివరిస్తారు. అరబ్బీ అనువాదాలలో ‘ఓర్నిస్’ అన్న గ్రీకు మాటను అర్థంతో బాటుగా అలాగే అరబ్బీ లిపిలో కూడా రాసి పెట్టారు. పరభాషా పదం, అందులోనూ చుక్కలపై ఆధారపడే లిపి. రాతగాని కలం జారితే నూన్, యే, బే అక్షరాలకు భేదమే ఉండదు. పన్నెండవ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడో నగరంలో, మనవారు తులైతులా అని పిలిచిన చోట, ఇటలీ దేశస్థుడు గెరార్డ్ ఆ గ్రంథాన్ని అరబ్బీ నుంచి లాటిన్‌లోకి అనువదించాడు. ఆయన పుటలోకి వచ్చేసరికి ఓర్నిస్ కాస్తా ‘యూరిసిమ్’ వంటి రూపం దాల్చింది. ఇది ఏ భాషా పదమో లాటిన్ పాఠకులకు బోధపడలేదు. దాన్ని పోలిన పేరుగల మొక్క ఒకటి వారికి తెలుసు. ఆ మొక్కకు లాటిన్‌లో ఇరేయో అనే పేరుండేది. కనుక ఈ పేరు ఆ మొక్క నుంచి వచ్చిందని ఎవరో ఒక వివరణ జతచేశారు. ‘ఇరేయో నుంచి’ అనేది లాటిన్‌లో ‘అబ్ ఇరేయో’ అవుతుంది. క్రీ.శ. 1515లో వెనిస్ నగరంలో అచ్చయిన ప్రతిలో కూడా ఆ మాటలు ఉన్నాయి. తరువాతివారు అది వివరణ అని గ్రహించక ముక్కుచుక్క పేరనుకున్నారు. అరబ్బీ నక్షత్రాలకు ‘అల్’ ఉండాలి గదా, అచ్చులో ఒక ‘ల్’ పోయి ఉంటుందని భావించి దానిని చేర్చారు. ఆ విధంగా ఆల్బిరియో పుట్టినది. గ్రీకు పక్షి అరబ్బీ ముసుగులో లాటిన్ మొక్కగా మారి, చివరకు తాను అరబ్బును అని చెప్పుకున్నదన్నమాట!

ఇందులో ఏ ఒక్కరి దురుద్దేశమూ లేదు. ప్రతివాడూ ముందువాడి రాతను నమ్మి, తనకు తెలియని చోట తనకు తోచినది పూరించాడు. పూరించానని మాత్రం చెప్పలేదు. రెండు చిత్రాలను కలిపి ఒకటని చూపించే ఛాయాగ్రాహకుని పనికీ, దీనికీ భేదమేమున్నది? సూఫీ గ్రంథం తెరిచి చూసినట్లయితే ఆ చుక్క పక్కన ఏముందో ఎవరికైనా వెంటనే తెలిసేది. అరబ్బులు దానిని ‘మిన్‌ఖారుద్దజాజా’, కోడి ముక్కు అన్నారు. ఇది అసలైన అరబ్బీ పేరు. మన పట్టికలలో ఆల్బిరియోను కొట్టివేసి దీనిని రాసుకోవాలి. ముస్లింల ఘనతను చాటే పట్టికలో ముస్లింలది కాని పేరు ఒక్కటి చేరినా, దానిని పట్టుకున్న విమర్శకుడు మిగిలిన నిజమైన పేర్లను కూడా శంకిస్తాడు. అన్నిటికంటే మించి, తమది కానిదానిని తమదని చెప్పుకోవడం సూఫీ పద్ధతి కాదు.

హైదరాబాదు ఫలకాలు

ఈ కథకూ మన హైదరాబాదుకూ గట్టి సంబంధమే ఉన్నది. అది రెండు విధాలుగా.

సూఫీ గ్రంథపు అరబ్బీ మూలాన్ని లోకమంతటా పరిశోధకులు నేటికీ వాడుకునే ముద్రిత రూపంలో వెలువరించినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. అది 1954వ సంవత్సరం. అంతకు పూర్వం 1874లో రష్యా రాజధానిలో ఒక ఫ్రెంచి అనువాదం వెలువడినది గాని, అరబ్బీ తెలిసిన పాఠకునికి పూర్తి గ్రంథం చేతికందినది మన నగరం నుంచే. ఆక్స్‌ఫర్డులోని పురాతన ప్రతి, సమర్ఖందు రాజు ఉలుగ్‌బేగ్ కోసం రాసినదై నేడు పారిస్‌లో ఉన్న ప్రతి వంటివి ఆ సంపాదకులకు ఆధారాలయ్యాయి.

రెండవది ఛాయాచిత్రాలకు సంబంధించినది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ఖర్చుతో ఒక దుర్భిణిని తెప్పించి నిజామియా వేధశాలకు అంకురార్పణ చేశాడు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చినది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. అంతకు ముందే 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు మొత్తం ఆకాశాన్ని ఛాయాచిత్రాలుగా తీసి పట్టిక వేయాలని నిశ్చయించి, వివిధ దేశాల వేధశాలలకు ఆకాశాన్ని పట్టీలుగా పంచిపెట్టారు. మొదట చిలీ దేశపు సాంటియాగోకు పంచిన దక్షిణపు పట్టీ ఒకటి అక్కడ నెరవేరక హైదరాబాదుకు వచ్చినది. ఆ పని ముగిశాక, జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తిచేయలేక వదిలిన ఉత్తరపు భాగంలో 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా హైదరాబాదే తీసుకున్నది. ఆ పట్టీ ఆకాశం చుట్టూ తిరుగుతూ హంస రొమ్ముకు కాస్త దిగువగా, మెడను కోసుకుంటూ పోతుంది.

కనుక నిజాం కాలపు హైదరాబాదులో రాత్రుల తరబడి గాజు ఫలకాలపై తీసిన చిత్రాలలో ఈ హంస దేహం కూడా కొంత ఉన్నది. ఒక్కొక్క ఫలకం ఆకాశంలో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు. ఫలకంపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు సమానం. ఆ ఫలకాలను సూక్ష్మదర్శినిలో పెట్టి ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి అచ్చు పట్టికలుగా వెలువరించారు. అది లక్షలాది చుక్కల పని. కన్నుల పుటం చెదిరే పని. ఇదంతా యంత్రాలు లెక్కకట్టే కాలానికి ముందు.

ఆ పట్టీలోనే, హంస తూర్పు రెక్క సమీపాన, కంటికి లీలగా కనబడే ఒక జంట చుక్క ఉన్నది. దాని పేరు 61 సిగ్ని. ఆకాశంలో మొట్టమొదటగా దూరం తెలిసిన నక్షత్రం ఇదే. 1838లో జర్మనుడు బెస్సెల్ దానిని కొలిచాడు. నేటి లెక్క ప్రకారం అది సుమారు 11.4 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నది.

కెమెరా కంటికి మాత్రమే కనబడేవి కూడా ఈ హంసలో ఉన్నాయి. తోకచుక్క సమీపంలో ఎర్రని వాయుమేఘం ఒకటి ఉన్నది. 1786లో విలియం హెర్షెల్ దాని జాడ కనుగొన్నాడు గాని, దాని ఆకారం ఉత్తర అమెరికా ఖండాన్ని పోలి ఉందని తెలిసినది 1890లో మాక్స్ వుల్ఫ్ దానిని ఛాయాచిత్రం తీసిన తరువాతనే. కంటికి అందనంత మందమైన ఆ వెలుగును ఫలకం గంటల తరబడి కూడబెట్టుకుంది. అయితే సాధారణ కెమెరాలలో ఆ ఎరుపును చాలావరకు అడ్డుకునే పలక ఒకటి లోపల అమర్చి ఉంటుంది. కనుక మామూలు కెమెరాతో తీసినవారికి ఆ మేఘం వెలవెలబోతూ కనిపిస్తుంది.

కోడి ముక్కు హైదరాబాదు పట్టీలో లేదు. అది 28 డిగ్రీల వద్దనున్నది, వేరే వేధశాల వాటాకు పోయింది. కాని దానిని చూడటానికి గాజు ఫలకాలేమీ అక్కరలేదు. చిన్న దుర్భిణిలో చూస్తే ఆ ఒక్క చుక్క రెండుగా విడిపోతుంది. ఒకటి బంగారు రంగు, మరొకటి నీలం. రెంటి మధ్య దూరం సుమారు 35 వికలలు. కెమెరాతో తీయదలచినవారు 200 మి.మీ. కటకం వాడితే, చిత్రంపై ఆ రెంటి మధ్య ఎడం మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు ఉంటుంది. ఇప్పటి కెమెరాలకు అంత చాలు. షట్టరు మాత్రం రెండు సెకన్లకు మించి తెరవకూడదు. తెరిస్తే చుక్క గీతవుతుందన్నది ఒక కారణం. వెలుగు ఎక్కువైతే నల్లని నీటిమీది హంస ఈకల మాదిరిగానే ఈ రెండు చుక్కల రంగులూ మాడి తెల్లబడిపోతాయన్నది రెండవది. అందుచేత మొదట రెండు సెకన్లు, పిదప ఒక సెకను, ఆపైన అర సెకను చొప్పున వరుసగా తీసి, బంగారమూ నీలమూ రెండూ నిలిచిన చిత్రాన్ని ఎంచుకుంటారు.